రేగడి నేలలో ఒంటి కాండం చెట్లు

చిలకలూరిపేట,
మే నెల మొదటి వారం.

చిరంజీవి మేనకోడలికి, అల్లుడుగారికి,

నువ్వు పంపిన ఫొటోలు చూశానమ్మా. గేటు దగ్గర నుంచి వాకిలి దాకా దారికి రెండు పక్కలా చెట్లు కావాలన్నావు. నిటారుగా ఒకటే కాండం, దాని మీద గుండ్రంగా కత్తిరించిన గొడుగు, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, మనిషి ఎత్తుకు మరీ మించిపోకూడదు. నర్సరీల వాళ్ళు వీటిని స్టాండర్డ్‌లు అంటున్నారనీ, కడియం నుంచి ఆరడుగులవి తయారుగా ఉన్నవే లారీలో దింపించుకుందామని అల్లుడుగారు అంటున్నారనీ రాశావు. బయానా ఇచ్చేముందు ఇద్దరూ ఈ ఉత్తరం చదవండి. ఫోనులో చెబితే సగం మీకు గుర్తుండదు.

ముందు మీ నేల గురించి. పర్చూరు చుట్టుపక్కల మీరు ఇల్లు కట్టింది నల్లరేగడిలో. కడియం మొక్క పెరిగేది గోదావరి ఒండ్రు పక్కన, పచ్చవల నీడలో, రోజూ నీళ్ళు తాగుతూ. మీ రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఏప్రిల్ వచ్చేసరికి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. నేల అలా చీలేటప్పుడు మొక్కకు తిండి తెచ్చే సన్నవేళ్ళు పుటుక్కున తెగుతాయి. ఆ నేలే అక్టోబరు, నవంబరు తుపాను వానలకు నీరు ఇంకక రోజుల తరబడి బురదగా ఉండిపోతుంది. అప్పుడు వేళ్ళకు గాలి ఆడదు. ఒకే ఏడాదిలో దాహాన్నీ ముంపునూ రెండింటినీ ఓర్చుకునే మొక్క కావాలి మనకి. ఫ్రాన్సులో వెర్సాయ్ రాజభవనం వాళ్ళు నారింజ చెట్లను ఇలాగే ఒంటి కాండం మీద చెక్కతొట్లలో పెంచి, చలికాలం రాగానే లోపలికి చేర్చేవారు. ఆ చెట్ల కోసమే 1680లలో పెద్ద కట్టడం కట్టించారు. వాళ్ళకు భయం మంచు అంటే. మనకు భయం మే నెలంటే. రెంటచింతల వైపు నుంచి వచ్చే వడగాడ్పుకు చెట్టును లోపల దాచలేం, బయటే బతకాలి.

మిరప విత్తనం కొనేటప్పుడు మనవాళ్ళు ఏం చేస్తారు? ప్యాకెట్టు మీద బొమ్మ చూసి కొనరు. ఫలానా రకం ఫలానా వాళ్ళ చేలో ఎలా కాసిందో వెళ్ళి చూస్తారు. లాం ఫారం నుంచి వచ్చిన ఎల్‌సిఏ 334 ఇన్నేళ్ళు నిలబడింది మన నేలలో కాసి చూపించింది కాబట్టే. చెట్టుకూ అదే చెయ్యండి. ఒకసారి చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా హైవే మీద పోతూ డివైడరు వంక చూడండి. చేరెడు మట్టిలో, లారీల పొగలో, తారు వేడికి ఏవి పూస్తున్నాయో గమనించండి. గన్నేరు, కాగితంపూలు. ఏ నర్సరీ మాటకంటే ఆ సాక్ష్యం గట్టిది.

ఆకు రాలని చెట్టే కావాలని నువ్వు పట్టుబట్టడం నాకు నచ్చింది. అందం ఒక్కటే కాదు కారణం. మీ ఇంటి పక్కనే కళ్ళం. మిరపకాయలు కోసి ఆరబోసేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. వేప ఆకు రాల్చేది సరిగ్గా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. కానుగ కూడా ఎండలు ముదిరే ముందే ఆకు దులుపుకుంటుంది. ఎండుకాయల్లో ఆకు కలిస్తే ఏరడానికి మనుషుల్ని పెట్టాలి. అలాగని వేప వద్దని కాదు. దొడ్డి చివర ఒకటి ఉండనివ్వండి, కళ్ళానికి గాలివాటున మాత్రం వద్దు. పచ్చగా ఉండే చెట్టైనా కళ్ళం మీద మధ్యాహ్నం నీడ పడనంత దూరంలో ఉండాలి. నీడన ఆరిన కాయకు రంగు రాదు, తేమ మిగిలితే బూజు పడుతుంది.

ఇప్పుడు వద్దనేవి చెబుతాను. లారీలో వచ్చేవాటిలో ఎక్కువ ఇవే ఉంటాయి.

కోనోకార్పస్ వద్దు. రెండేళ్ళలో గోడలా పెరుగుతుందని అమ్ముతారు, అది నిజమే. అమెరికా, ఆఫ్రికా ఉష్ణతీరాల్లో మడ అడవుల పక్కన పుట్టిన చెట్టు అది. నీళ్ళ కోసం వేళ్ళు ఎంత దూరమైనా పోతాయి, పైపుల్లోకి దూరతాయి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటడం నిషేధించింది. గుండ్రంగా కత్తిరించిన ఫైకస్‌లు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి, అవీ మర్రి జాతే. రేగడిలో ఇల్లు కట్టినవాళ్ళు ఈ సంగతి బాగా మనసులో పెట్టుకోవాలి. పెద్ద చెట్టు పునాది కింద తేమను లాగేస్తే అక్కడి మట్టి ముడుచుకుని కుంగుతుంది, గోడలు ఏటవాలుగా పగుళ్ళిస్తాయి. అందుకే నువ్వడిగిన చిన్న గొడుగు చెట్టు మీ నేలకు మంచి ఎంపిక. ఆకు తక్కువైతే లాగే నీరూ తక్కువే. అయినా పునాదికి చెట్టు ఎత్తుకు తగ్గని దూరం ఇవ్వండి.

ఏడాకుల చెట్టు కూడా వద్దు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖలో చెట్లను కూల్చాక దాన్ని అక్కడ విరివిగా నాటారు. పూత కాలం వచ్చిందంటే ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అని జనం మొత్తుకుంటున్నారు. మీ మామగారికి ఉబ్బసం ఉందన్నావు కదా.

మందార అంటే నీకు ప్రాణమని తెలుసు. కానీ మందార పత్తి కుటుంబానిదమ్మా, బెండ కూడా అంతే. పత్తిని పీల్చే పిండినల్లి, పచ్చదోమ దాని మీదా బతుకుతాయి. చేలో పత్తికట్టె పీకేశాక ఆ పురుగు మళ్ళీ పంట పడేదాకా దాక్కునేది మన పెరటి మందారల్లోనే. చేను గోడ అవతలే ఉన్న ఇంట్లో దారి పొడుగునా మందారలు పెడితే ఆ పురుగుకు ఏడాదంతా తిండి పెట్టినట్టు. పూజకు పెరట్లో ఒకటి ఉంచుకో, ఆకు వెనక తెల్లటి బూజు కనిపించగానే ఆ కొమ్మ తుంచి కాల్చెయ్యి. నాగగొలుగుకూ ఇదే చిక్కు. నర్సరీల్లో మురయా అనో కామిని అనో ఇస్తారు. కత్తెరకు బాగా లొంగుతుంది, పూల వాసన హాయిగా ఉంటుంది. కానీ నిమ్మ, బత్తాయిలకు గ్రీనింగ్ తెగులు మోసే సిల్లా పురుగు దాని లేత చిగురు మీద పెరుగుతుంది. దగ్గర్లో నిమ్మతోట ఉంటే ఆ రైతుకు కీడు చేసినవాళ్ళమవుతాం. కరివేపాకు కూడా ఆ కోవలోదే. పెదవడ్లపూడిలో దాన్ని పొలాల్లో పంటగా వేస్తారు కనుక మన నేలకు కొత్త కాదు, ఒంటి కాండం మీద చక్కగా నిలుస్తుంది. చుట్టుపక్కల నిమ్మజాతి తోటలు లేకపోతే వంటింటి వైపు ఒకటి పెంచుకో.

మరి ఏం పెట్టాలి? నా ఓటు పొగడకి.

పొగడకు ఏడాదంతా ఆకు ఉంటుంది, అదీ ముదురు పచ్చగా, నూనె రాసినట్టు మెరుస్తూ. వేరు లోతుకు పోయి ఎండకు తట్టుకుంటుంది, బరువు నేలలోనూ బతుకుతుంది, సముద్రపు గాలి ఉప్పును కూడా ఓర్చుకుంటుంది. ఎంత కత్తిరించినా చిక్కగా చిగురిస్తుంది. తెల్లారేసరికి చెట్టు కింద చుక్కల్లాంటి చిన్న పూలు రాలి ఉంటాయి, ఎండిపోయినా వాసన పోదు. పిల్లలు పండు తింటారు. వదిలేస్తే పెద్ద వృక్షమవుతుంది కనుక మొదటి నుంచీ కత్తెర కింద ఉంచాలి. దానికి ఉన్న లోపమల్లా ఒక్కటే, నిదానం. గొడుగు కట్టడానికి నాలుగైదేళ్ళు పడుతుంది. నర్సరీ వాళ్ళు దాన్ని ముందు చూపించకపోవడానికి కారణం అదే. కానీ నిదానంగా పెరిగిన కాండమే గాలికి నిలుస్తుంది. మీరు కట్టుకున్నది అద్దె ఇల్లు కాదు, నాలుగేళ్ళు ఆగలేరా?

పొగడ కుటుంబంలోదే పాలచెట్టు. మన తూర్పుతీరపు మెట్ట అడవుల్లో, ఏడాదంతా ఆకు నిలిచే చెట్లలో ముఖ్యమైనది. సపోటా అంటు కట్టేది దాని మొదలు మీదే. సపోటా కూడా ఆకు రాల్చని చెట్టే. పెరట్లో ఒంటి కాండం మీద పెంచితే నీడకు నీడ, కాయకు కాయ. అంటు కింద నుంచి పాల చిగురు వస్తే వెంటనే తీసెయ్యి, లేకపోతే కొన్నాళ్ళకు సపోటా పోయి పాల మిగులుతుంది.

దారి పక్కన పొగడల మధ్య నందివర్ధనాలు పెట్టు. వానాకాలంలో కొమ్మ గుచ్చితే నాటుకుంటుంది, పొగడకంటే త్వరగా ఎదుగుతుంది, పూజకు రోజూ తెల్లపూలుంటాయి. మీ అత్తగారు సంతోషిస్తారు. పొగడలు ఎదిగేదాకా కళ్ళకు పచ్చదనం ఇచ్చేవి ఇవే. నూరువరహాలు నీకిష్టమైతే తొట్టిలో ఎర్రమట్టి వేసి పెంచు. సున్నం ఎక్కువున్న రేగడిలో దానికి ఇనుము అందక ఆకు పసుపై ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి ఆకుల మీద కొట్టాలి. మిరప నారుమడికి కొట్టిన మందే కనుక అల్లుడుగారికి తెలుసు.

గేటు బయట, ఎండ మండే పడమర వైపు కాగితంపూలు ఒంటి కాండం మీద పెంచితే చాలా బాగుంటుంది. నీళ్ళు తగ్గేకొద్దీ పూత పెరిగే మొక్క అది. ఎండిపోతే కొంత ఆకు రాలుస్తుంది, ముళ్ళుంటాయి, అందుకే గేటు బయట అన్నాను. గన్నేరు సంగతి జాగ్రత్తగా విను. ఎండకూ, ముంపుకూ, చవుడుకూ దానికి సాటి లేదు, ఒంటి కాండం మీద బాగా వస్తుంది. కానీ ఆకు నుంచి వేరు దాకా విషం, ఎండిన ఆకు కూడా విషమే. మీకు పాడి ఉంది. కత్తిరించిన రెమ్మ ఒక్కటి చొప్పలో కలిసినా గేదె దక్కదు. పచ్చగన్నేరు కాయలైతే మరీ ప్రమాదం. చిన్నపిల్లలూ పశువులూ ఉన్న ఇంట్లో రెండూ వద్దని నా మాట.

తయారైన ఆరడుగుల మొక్క ఎందుకు వద్దంటున్నానో కూడా చెప్పాలి. సంచిలో అన్నేళ్ళున్న మొక్కకు వేళ్ళు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటాయి. నేలలో పెట్టినా ఆ చుట్టు విప్పుకోవు. పైన బరువైన తల, కింద పట్టులేని వేరు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఆ గాలి ఎలాంటిదో మీరూ చూశారు. నానిన రేగడిలో అలాంటి చెట్టు నిలవదు. అడుగున్నర, రెండడుగుల మొక్క కొను. కాండం నిటారుగా, ఒకే మొనతో ఉండాలి. సంచి చింపి వేరు చూసి మరీ తీసుకో.

నాటాక పక్కన సరుగుడు కర్ర పాతి, పాత నూలుచీర పేలికతో వదులుగా కట్టు. తీగ, ప్లాస్టిక్ తాడు బెరడును కోస్తాయి. అందరూ తొందరపడేది ఇక్కడే: కాండం నున్నగా కనిపించాలని పక్కకొమ్మలన్నీ మొదటి ఏడే గీకేస్తారు. ఆ పక్క ఆకులు వండిన తిండితోనే కాండం లావెక్కేది. వాటి కొసలు మాత్రం తుంచి ఉంచు. ఏటా అడుగు నుంచి కొన్ని చొప్పున తీస్తూ పైకి రా. మొన అయిదడుగులు దాటాక చిగురు తుంచు. పత్తి తలలు తుంచిన చేతులకు ఇది నేర్పక్కర్లేదు. పక్కలకు వచ్చిన కొమ్మలు నాలుగైదు ఆకులు వేయగానే మళ్ళీ తుంచు. అలా తుంచగా తుంచగానే గొడుగు చిక్కబడుతుంది. ప్రతి సెప్టెంబరులో తల కాస్త పలచన చెయ్యి, తుపాను గాలి దూసుకుపోవడానికి. మూడో ఏట కర్ర తీసెయ్యి, లేకపోతే కాండం సొంతంగా నిలబడటం నేర్చుకోదు.

గుంతలు ఈ నెలలోనే తీయించండి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, ఎండ బాగా తగలనివ్వండి. తవ్విన రేగడికి మూడో వంతు ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి నింపి, నేలమట్టానికి అడుగెత్తు దిబ్బ చేసి దాని మీద నాటండి. గుంతలో ఇసుక ఒక్కటే నింపితే చుట్టూ ఉన్న రేగడి నీళ్ళన్నీ అందులోకే చేరి వేరు కుళ్ళుతుంది. ఆగస్టు వానలకు నెర్రెలు పూడుకున్నాక నాటితే తుపాన్ల కాలానికి వేరు పట్టు దొరుకుతుంది. అక్టోబరులో పాదు గట్టు తెగ్గొట్టి నీరు బయటికి పోనివ్వండి, జనవరిలో మళ్ళీ కట్టండి. ఎండాకాలం రోజూ చెంబెడు పోయడం కంటే వారానికొకసారి నిండా తడపడం మేలు, నేల నెర్రెలివ్వక ముందే తడపాలి. పైన వరిగడ్డి పరచండి. పత్తికట్టె ముక్కలైతే చెద పడుతుంది. మీ ఊరి ఫిల్టరు నీళ్ళ ప్లాంటులో వృథాగా పోయే నీరు తెచ్చి పోయవద్దు, బోరునీటి ఉప్పంతా చిక్కబడి అందులో ఉంటుంది. పక్క చేలో కలుపుమందు కొట్టేరోజు ముందే చెప్పమని ఆ రైతును అడగండి, లేత మొక్కల మీద గోనెపట్టా కప్పవచ్చు.

లారీ మాట ఇక ఆపించు. ఆగస్టు మూడోవారంలో పొగడ మొక్కలు నేనే తీసుకొస్తాను, గుంతలు సిద్ధంగా ఉంచండి. గేటు నుంచి వాకిలికి ఎన్ని అడుగులో, పునాది నుంచి దారి ఎంత దూరమో టేపుతో కొలిచి ఈ వారంలో రాయి. దాన్నిబట్టి ఎన్ని మొక్కలు తేవాలో చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య