ఎండలో దూరపు పరుగు

మన నాందేడు గోదావరీ తీరమున నున్నను వేసవిలో ఇచ్చటి యెండ 40 డిగ్రీలను దాటుచుండును. కావున దూరపు పరుగు నభ్యసించు పిల్లల తల్లిదండ్రులకు కొన్ని సంగతులు తెలుపగోరుచున్నాము.

1912లో స్టాక్‌హోం ఒలింపిక్ మారథాన్ మండుటెండలో జరిగెను. పోర్చుగల్ దేశీయుడగు ఫ్రాన్సిస్కో లాజారో దారిలో కుప్పకూలి మరునాడు మరణించెను. ఎండ సోకకుండుటకై అతడు ఒంటికి మైనపు పూత పూసికొనెనని చెప్పుదురు.

చెమట ఆరినపుడే దేహము చల్లబడును. ఆరనిచో లోపలి వేడిమి పెరుగును. అందుచే ఉక్కపోత దినములలో ఎండ తక్కువైనను అపాయమే. దేహము వేడిమికి అలవడుటకు 10 నుండి 14 దినములు పట్టును. అంతవరకు దూరమును కొద్దికొద్దిగా పెంచవలెను. పరుగు తెల్లవారుజామున సాగవలెను. దాహము నణచుకొనుట శౌర్యము కాదు. అట్లని మితిమీరి నీరు త్రాగినచో రక్తములోని లవణము పలుచనై హాని కలుగును.

పరుగెత్తు బిడ్డ తూలినను, పొంతన లేక మాటలాడినను వడదెబ్బయని శంకింపవలెను. వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల చన్నీట తడిపి విసరుచు, వైద్యునికి కబురంపవలెను. వైద్యుడు వచ్చువరకు చల్లార్చుట మానరాదు.

నడుమ ఆగిన బిడ్డను నిందింపవలదని మా మనవి. ఆగవలసినచోట ఆగుటయు ఈ విద్యలో ఒక పాఠమే.