పాట రాని పిల్లకు వరం లేదా?

భద్రమైన అభ్యంగనానికి పిల్లలు తయారయ్యే రోజుల్లో కొందరు తల్లులు అనే మాట ఒకటుంది: "మా అమ్మాయికి పాట రాదండీ, నలుగురిలో ప్రార్థన చెప్పమంటే గొంతు పెగలదు. దీనికి పవిత్రాత్మ వరం అందుతుందో లేదో!" ఆ మాట పిల్ల ముందే అనేస్తారు, అదీ బాధ.

మనం వరాన్ని మైకు దగ్గర వెతుకుతున్నాం. పునీత పౌలుగారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో అద్భుతాలు చేయడం, స్వస్థపరచడం చెప్పిన వరుసలోనే ఇతరులకు సాయపడటాన్నీ చేర్చారు. ఆ మాట మన కంటికి ఆనదు.

కలకత్తాలో మదర్ థెరిసా సంగతే చూడండి. ఎంటాలీలోని సెయింట్ మేరీస్ బడిలో ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన టీచరు ఆమె. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్లే రైల్లో, పేదల మధ్యకు వెళ్లమన్న పిలుపు విన్నారు. మర్నాడే మఠం గేటు దాటలేదు. పెద్దల అనుమతి కోసం దాదాపు రెండేళ్లు ఆగారు. 1948 ఆగస్టులో లొరెటో మఠం విడిచాక కూడా, ముందు పాట్నా వెళ్లి రోగుల సేవ నేర్చుకున్నారు. ఆ తర్వాతే మోతీజీల్ బస్తీ. అక్కడ బల్లల్లేవు, నల్లబల్లా లేదు. పుల్ల ఒకటి పట్టుకుని నేల మీదే అక్షరాలు దిద్దించారు. కొత్త విద్యేమీ కాదు, ఎంటాలీలో చేసిన పనే. ఇప్పుడది బడి మొహం చూడని పిల్లలకు అందింది.

మరుసటి ఏడు ఆమె వెంట మొదట నడిచిన సుభాషిణి దాస్ కూడా ఎంటాలీ బడి పిల్లే.

కాబట్టి చెప్పకుండానే మీ పిల్ల ఏం చేస్తోందో గమనించండి. పూజ అయ్యాక మెట్లు దిగలేని మామ్మకు చెయ్యి అందిస్తోందా? అలిగి మూల కూర్చున్న తమ్ముడు దీని మాటకే లేచి అన్నానికి వస్తున్నాడా? కనిపిస్తే ఆకాశానికెత్తకండి, ఇంకో చిన్న పని అప్పగించండి. నేర్చుకోవాల్సింది ఉంటే నేర్పించండి.

ప్రార్థనలో కన్నీళ్లు రావడం లేదనీ దిగులు పడకండి. మదర్ ఉత్తరాలు 2007లో పుస్తకంగా వచ్చాక లోకానికంతా తెలిసింది, ఏళ్ల తరబడి ఆమె మనసులో చీకటే ఉండేదని. అయినా ఆమె రోగుల సేవ మానలేదు.

పక్కింటి పాపతో పోల్చడం మాత్రం ఈ ఆదివారం నుంచే మానేయండి.