లేత మనసులు: ఒక జర్మను కథ తెలుగైన తీరు

జర్మను రచయిత ఎరిక్ కెస్ట్నర్ 1949లో బాలల కొరకు ప్రకటించిన ‘డస్ డొప్పెల్టె లొట్‌హెన్’ అను నవల చలనచిత్ర మార్గమున భారతీయ భాషలలో ప్రవేశించినది. కృష్ణన్-పంజుల దర్శకత్వమున ఏ.వి.యం. సంస్థ తమిళమున ‘కుళందైయుం దైవముం’ (1965), తెలుగున ‘లేత మనసులు’ (1966), హిందీలో ‘దో కలియాఁ’ (1968) వెలువరించినది.

వేసవి విడిదిలో కలిసికొన్న కవల బాలికలు తలిదండ్రులు విడిపోయిన సంగతి గ్రహించి ఇండ్లు మార్చుకొనుట మూలకథ. తల్లి యొద్ద పెరిగిన లొట్టె వియన్నాలోని తండ్రి యింటికిని, తండ్రి యొద్ద పెరిగిన లూయిజె మ్యూనిక్‌లోని తల్లి యింటికిని పోవుదురు. కన్నవారి యింటికి పోవుటకు మారుపేరు పెట్టుకొనవలసి వచ్చిన దుఃస్థితి యిది.

మూలమున తలిదండ్రులు విడాకులు పొందినవారు, దోషము వారిరువురిది. బాలల పుస్తకమున విడాకుల ప్రసక్తి తగునా అను ఆక్షేపమునకు రచయిత కథలోనే సమాధానము చెప్పినాడు. తలిదండ్రులు విడిపోవుటచే బాధపడు పిల్లలున్నట్లే, విడిపోకుండుటచే బాధపడువారును కలరని ఆయన భావము. ఈ రెండవ మాట భారతీయ రూపములకు అవసరము కాలేదు. ఇచ్చట దంపతుల నడుమ అత్తగారి అహంకారమును, ఇల్లరికమును వచ్చి నిలిచినవి. 1955 నాటి హిందూ వివాహ చట్టము విడాకులకు దారి చూపియే యున్నను, ప్రేక్షకునికి చిరపరిచితమైన చిక్కు ఇల్లరికమే. ఈ మార్పు కథను మన యిండ్లకు దగ్గర చేసిన మాట నిజము. కాని నేరము మూడవ వ్యక్తిపై పడుటచే తలిదండ్రులు సులువుగా బయటపడిరి. ఇది స్వల్పమైన నష్టము కాదు.

ఆ నష్టమును తెలుగు పేరు కొంత పూరించినది. తమిళ నామము శిశువును దైవము సరసన నిలిపినది. హిందీ నామము రెండు మొగ్గలను లెక్కించినది. తెలుగున దైవమును లేదు, సంఖ్యయును లేదు. ‘లేత’ అనగా ముదరనిది; తమలపాకునకు, కొబ్బరికి, ఎండకు వాడు మాట. గోరు తగిలినను గాటుపడునది. పిల్లల బాధను సూటిగా పట్టినది ఈ విశేషణమే.

నవలలో మారువేషముచే దక్కిన దినములు నేడు న్యాయస్థానపుటుత్తరువుచే దక్కుచున్నవి. 2020లో యశితా సాహు వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము ఉభయుల ప్రేమయు బిడ్డ హక్కని చెప్పినది. ఇట్టి ఏర్పాటునకు తెలుగున వాడు ‘సందర్శన హక్కు’ గుడికో చెరసాలకో తగిన మాట. ‘సెలవు’ దానికంటె నయము. విరామమును, అనుమతియును, వీడ్కోలును అదియే.