పంక్త్యంత సంకేతములు - పద్యపాఠ రక్షణము

తాళపత్ర ప్రతులలో పద్యమును పాదములుగా విడదీసి వ్రాయు ఆచారము సామాన్యముగా కానరాదు. ఆకు అంచు వచ్చినచోట పంక్తి ముగియును గాని, పాదము ముగిసినచోట కాదు. పాదవిభాగము చేయువాడు పరిష్కర్త. ఆయన నిర్ణయము అచ్చుపుటలో కంటికి కనబడును. కంప్యూటరు ఫైలులో మాత్రము ఒకటి రెండు అదృశ్య సంకేతములపై ఆధారపడి యుండును. అవి చెడినచో పరిష్కర్త శ్రమయు చెడును.

ఆ సంకేతములలో 13వ సంఖ్య గలది క్యారేజ్ రిటర్న్, 10వ సంఖ్య గలది లైన్ ఫీడ్. టెలిప్రింటరులో మొదటిది ముద్రణస్థానమును పంక్తి మొదటికి మరలించెడిది. రెండవది కాగితమును ఒక వరుస జరిపెడిది. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలు లైన్ ఫీడ్ ఒక్కదానినే గ్రహించినవి. డాస్, విండోస్ రెండింటిని జంటగా నిలిపినవి. పాత మాకింటోష్ క్యారేజ్ రిటర్న్ మాత్రమే వాడెను. 2001లో వెలువడిన మాక్ ఓ.ఎస్. టెన్ యూనిక్స్ మార్గము పట్టెను.

ఒకే శతకమును ఇద్దరు టైపు చేసి, ఒకరు విండోస్‌లోను మరొకరు లినక్స్‌లోను భద్రపరచినారనుకొందము. రెండింటిని డిఫ్ అను సాధనముతో పోల్చినచో ప్రతి పంక్తియు భిన్నమనియే తేలును. నిజమైన పాఠభేదములు ఆ రాశిలో మరుగుపడును. దండముతో ముగియు పంక్తులను వెదకు స్క్రిప్టు కూడ విఫలము కావచ్చును. దండము వెనుక 13 దాగియున్నది కదా!

క్యారేజ్ రిటర్నుల నన్నిటిని తుడిచివేయుట సులభోపాయముగా చెప్పబడుచుండును. విండోస్ ఫైలునకది చెల్లును. పాత మాకింటోష్ ఫైలుపై ప్రయోగించినచో కావ్యమంతయు ఒకే పంక్తి యగును. కావున మొదట 13-10 జంటను 10గా మార్చి, పిమ్మట మిగిలిన ఒంటరి 13ను 10గా మార్చవలెను. ఈ క్రమము తప్పి, ముందే ప్రతి 13ను 10 చేసినచో జంట యున్నచోట రెండు 10లు నిలిచి పాదపాదమునకు ఖాళీ పంక్తి వచ్చును. ఖాళీ పంక్తిని పద్యాంతముగా గ్రహించు స్క్రిప్టునకు ఉత్పలమాల యొక్కటి నాలుగు పద్యములగును.

యూనికోడ్ విషయము ఇంతకన్న సూక్ష్మమైనది. యూ.టీ.ఎఫ్.-8 పద్ధతిలో తెలుగు అక్షరముల బైట్లన్నియు 128 మొదలుకొని పైవే. 10, 13 వానిలో చొరవు. యూ.టీ.ఎఫ్.-16లో అట్లు కాదు. తెలుగు ఊకారము సంఖ్య 3082. అది 12, 10 అను రెండు బైట్లుగా నిలుచును. దేవనాగరి ఊకారము 2314, అనగా 9, 10. బైట్లనే చూచు స్క్రిప్టు ప్రతి 10కి ముందు 13 చేర్చినచో "ఊర్మిళ" మొదటి అక్షరమే చీలును. తరువాతి బైట్లు జతలు తప్పి పాఠము అర్థహీనమగును. "ఊర్ధ్వ" శబ్దమునకును అదే గతి. అందుచే లిపిసంకేత పద్ధతిని ముందుగా తెలిపి, ఫైలును అక్షరరూపమున చదివించుటయే క్షేమము. పైథాన్ ఇట్లు చదువునపుడు మూడు విధముల పంక్త్యంతములను తానే ఏకము చేయును. వ్రాయునపుడు మాత్రము కోరిన సంకేతమును చెప్పకున్న విండోస్‌పై మరల జంటనే వ్రాయును.

మూలమును తాకక, మార్పు చేసిన ప్రతిని వేరుగా ఉంచవలెను. యూ.టీ.ఎఫ్.-8 ఫైళ్లయినచో రెండింటినుండి 10, 13 తొలగించి పోల్చిన మిగిలినది అక్షరాక్షరము సరిపోవలెను. ఇక టైపు చేయువారు తెర అంచు వచ్చినదని పాదమధ్యమున ఎంటర్ నొక్కిన చోట్లు కలవు. వానిని ఈ స్క్రిప్టులు గుర్తింపజాలవు. ఛందస్సు తెలిసినవారు కూర్చుండి చదువవలసినదే.