అన్నము మానినచో మెదడునకు ఏమగును?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున బిలాస్‌పూర్ జంక్షనుకు చేరువలో గతౌరా రైల్వే స్టేషను కలదు. రైలు కొలువులకై ఈ ప్రాంతమునకు తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకములు. తెలుగువారి చద్దన్నమైనను, స్థానికుల బాసియైనను వరి అన్నమే. అట్టి ఇండ్లలో అన్నము మానుట చిన్న మార్పు కాదు. వీరమాచనేని రామకృష్ణగారి ప్రచారముతో, అన్నము మాని కొబ్బరినూనె వంటి క్రొవ్వులు వాడు పద్ధతి 2018 నాటికి తెలుగునాట విరివిగా వ్యాపించినది. దీనివలన మెదడు చెడునని కొందరు, జ్ఞాపకశక్తి పెరుగునని కొందరు తలచుచున్నారు. ఇందు నిజమెంత?

మెదడు తూకము శరీరపు తూకములో సుమారు నూటికి 2 వంతులే. కాని విశ్రాంతివేళ శరీరము వ్యయపరచు శక్తిలో నూటికి 20 వంతులు దానికే చెల్లును. దాని ముఖ్యాహారము గ్లూకోజు; దినమునకు సుమారు 120 గ్రాములు కావలెను. అన్నము, రొట్టె, దుంపలలోని పిండి పదార్థము జీర్ణమై గ్లూకోజుగా మారును. పిండి పదార్థము మిక్కిలి తగ్గినప్పుడు కాలేయము మాంసకృత్తులనుండి కొంత గ్లూకోజును, క్రొవ్వునుండి కీటోనులను తయారుచేయును. దీర్ఘోపవాసమున మెదడు కీటోనులను వాడుకొనునని 1967లో కాహిల్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు చూపిరి. కావున అన్నము మానినంతనే మెదడు పని నిలిచిపోదు. తొలిదినములలో తలనొప్పి, నీరసము, పరధ్యానము కలుగవచ్చును.

1921లో వైల్డర్ అను అమెరికా వైద్యుడు ఇట్టి ఆహారమును మూర్ఛవ్యాధికి చికిత్సగా సూచించెను. మందులకు లొంగని మూర్ఛగల పిల్లలకు నేటికిని వైద్యుల పర్యవేక్షణలో దీనిని ఇచ్చుచున్నారు. ఆరోగ్యవంతులకు జ్ఞాపకశక్తి పెరుగుననుటకు మాత్రము తగిన రుజువు లేదు.

అసలు అపాయము వేరొకచోట నున్నది. మధుమేహమునకు ఇన్సులిను గాని, చక్కెరను దించు కొన్ని మాత్రలు గాని వాడువారు మోతాదు మార్చకయే అన్నము మానినచో రక్తములోని గ్లూకోజు మితిమీరి పడిపోవచ్చును. ఇన్సులిను కీటోనుల తయారీని అణచును గనుక మెదడునకు ఆ ఆధారమును దొరకదు. చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబాటు, తికమక దీని గుర్తులు. ఉపేక్షించినచో స్పృహ తప్పును. రాత్రి డ్యూటీ చేయువారికి, రైలు నడుపువారికి ఇది ప్రాణాపాయము. రోగికి స్పృహ ఉన్నచో వెంటనే మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి త్రాగింపవలెను. స్పృహ లేనిచో నోట ఏమియు పోయక ఆసుపత్రికి చేర్చవలెను.

మందును తమంతట తామే మానుటయు తగదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2024 నాటి సూచనల ప్రకారము ధాన్యములనుండి లభించు శక్తి నూటికి 45 వంతులు మించరాదు. అన్నము కొంత తగ్గించి పప్పు, కూరలు హెచ్చించుట చాలమందికి మేలు. పూర్తిగా మానదలచినవారు, ముఖ్యముగా మధుమేహ రోగులు, ముందుగా వైద్యుని సంప్రదించవలెను.