‘అభ్యంతరాలేవీ రాలేదు’

హైదరాబాద్ చుట్టుపక్కల భూ వినియోగాన్ని మారుస్తూ ప్రభుత్వం ఇచ్చే తుది జీవోలు కొన్ని తిరగేస్తే ఒక మాట తరచూ ఎదురవుతుంది: గడువులోగా ప్రజల నుంచి అభ్యంతరాలు గానీ సలహాలు గానీ రాలేదు, దరఖాస్తుదారు మార్పిడి ఛార్జీలు కట్టారు, కనుక మార్పును ఖరారు చేస్తున్నాం. అభ్యంతరం లేక రాలేదా, సంగతి తెలియక రాలేదా అన్నది జీవోకు అక్కర్లేదు. చట్టం ప్రకటన వేయమంది, వేశారు.

ఆ ప్రకటన తయారయ్యే దారి ఇది. హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) పరిధిలో 2031 వరకు వేసిన మాస్టర్ ప్లాను 2013లో నోటిఫై అయింది. అందులో ప్రతి సర్వే నంబరూ ఏదో ఒక జోన్‌లో ఉంటుంది: నివాసం, తయారీ పరిశ్రమలు, పరిరక్షణ, వినోదం, ఇంకా కొన్ని. జోన్ మార్చాలనుకున్న యజమాని హెచ్ఎండీఏకు దరఖాస్తు పెడతాడు. ప్లానింగ్ సిబ్బంది రోడ్డు వెడల్పు, పక్కన చెరువో నాలానో ఉందా అన్నది చూసి నివేదిక రాస్తారు. ఫైలు ప్రభుత్వ పట్టణాభివృద్ధి శాఖకు వెళ్తుంది. అక్కడి నుంచి 2008 నాటి హెచ్ఎండీఏ చట్టం 15వ సెక్షన్ కింద ముసాయిదా వెలువడి గెజిట్‌లో అచ్చవుతుంది. అభ్యంతరాలకు మామూలుగా ఇచ్చే గడువు 15 రోజులు, అదీ గెజిట్‌లో అచ్చయిన తేదీ నుంచి.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ‘నాలా అయిపోయిందట, ఇక చేసేదేముంది’ అంటారు. ఈ నాలా నీటి కాల్వ కాదు, 2006 చట్టం కింద రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చే కాగితం. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారడం వేరే సంగతి, దాని ఫైలూ వేరే.

ఇక ప్రకటనను ఎలా చదవాలి? అందులో మీ కాలనీ పేరు ఉండదు, పక్కనున్న బడి పేరూ గుడి పేరూ ఉండవు. ఫలానా మండలం, ఫలానా గ్రామం, సర్వే నంబరు ఇంత, పక్కనే ‘పార్టు’ అన్న మాట, ఇన్ని ఎకరాల ఇన్ని గుంటలు. ఇప్పుడున్న జోన్, ప్రతిపాదిస్తున్న జోన్. అడుగున హద్దుల షెడ్యూలు: ఉత్తరాన ఫలానా సర్వే నంబరు, దక్షిణాన 40 అడుగుల రోడ్డు, ఇలా నాలుగు వరసలు. అసలు సమాచారమంతా ఆ నాలుగు వరసల్లోనే ఉంది. పెద్ద సర్వే నంబరులో ‘పార్టు’ అంటే ఏ మూల ముక్కో హద్దులు చూస్తే తప్ప తేలదు.

కాలనీవాసికి ప్లాటు నంబరు తెలుసు, గల్లీ నంబరు తెలుసు, సర్వే నంబరు మాత్రం తెలియదు. బీరువాలోంచి సేల్ డీడ్ తీసి షెడ్యూలు పేజీ చూడండి, అందులో ఉంటుంది. తర్వాత గ్రామ నక్షా మీద మీ నంబరును ఆనుకుని ఉన్న నంబర్లు ఒక కాగితం మీద రాసుకుని, కాలనీ సంఘం ఆఫీసు గోడకు అంటించండి. గెజిట్‌లోనో పేపర్లోనో వాటిలో ఒకటి కనిపించగానే పట్టుకునే మనిషి ఒకరుంటే చాలు.

పక్కింటివాళ్లకు నేరుగా ఒక ఉత్తరం ముక్క రాయొచ్చు కదా అని అడగడం అత్యాశేమీ కాదు. కాలిఫోర్నియాలో జోనింగ్ మార్పు వల్ల స్థలాన్ని వాడుకునే తీరు మారేటట్టయితే, చుట్టూ 300 అడుగుల లోపు ఆస్తులున్న వాళ్లకు విచారణకు కనీసం 20 రోజుల ముందు నోటీసు పంపాలని అక్కడి చట్టం చెబుతుంది. అక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల పోస్టు డబ్బాల్లోకి అవి వస్తూనే ఉంటాయి. ఇక్కడ మాత్రం వెతుక్కునే పని మనదే.

ప్రకటన దొరికింది. ఇక అభ్యంతర పత్రం. ముందుగా ప్రకటన నంబరు, తేదీ, సర్వే నంబరు రాయాలి. ఎవరికి పంపాలో ప్రకటనలోనే ఉంటుంది, సాధారణంగా పట్టణాభివృద్ధి శాఖ కార్యదర్శి. భూమి ఎవరిదన్న తగాదా ఇందులోకి తేవద్దు. ఈ మార్పు హక్కుకు రుజువు కాదని ఆ జీవోలే షరతుగా రాస్తాయి, కాబట్టి ఆ వాదన అక్కడే ఆగిపోతుంది. ‘మా ప్రశాంతత పోతుంది’ అన్నదీ అంతగా నిలవదు. నిలిచేవి కొలిచి చూపగలిగినవి. రోడ్డు 40 అడుగులని రాశారు, టేపు పట్టి చూస్తే 26 వచ్చింది అనుకోండి. ఆ టేపుతో సహా ఫొటో తీసి జత చేయండి. చెరువు ఉంటే 2012 నాటి భవన నిబంధనలు చూపండి: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. నక్షా మీద ఆ గీత గీసి పెడితే పది వాక్యాల పని చేస్తుంది.

ఫైలు చూశాక రాద్దామని సమాచార హక్కు దరఖాస్తు పెట్టి కూర్చోవద్దు. దానికి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంది, మీకున్నవి 15. ఉన్నదానితో ముందు రాసేసి, ఆ దరఖాస్తు పక్కన నడిపించండి.

సంఘం తరఫున ఒకటి, ఇళ్లవారీగా విడివిడిగా మరికొన్ని ఇవ్వండి. చేత్తో ఇస్తే టపాలు సెక్షన్‌లో జిరాక్స్ కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోవాలి. పోస్టులో అయితే స్పీడ్ పోస్టు, అందినట్టు రుజువుతో. ఈ ముద్ర కోసం గంట నిలబడాల్సొచ్చినా నిలబడాలి. ‘ఇచ్చి వెళ్లండి, చూస్తాం’ అన్న మాటకు తేదీ ఉండదు.

ప్రకటన, అభ్యంతరం అనేవి ఉత్త తతంగమనే వాళ్లకు బెంగళూరు సంగతి చెప్పాలి. అక్కడ పార్కుగా చూపించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇస్తే కాలనీవాళ్లు కోర్టుకెక్కారు. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో 1991లో సుప్రీంకోర్టు వారి పక్షానే నిలిచింది. అడిగే హక్కు అక్కడి నివాసులకుందని కూడా చెప్పింది.

తుది జీవో వచ్చాక దాన్ని తెప్పించి, అభ్యంతరాల గురించి రాసిన పేరా చదవండి. మీరిచ్చిన పత్రం ప్రస్తావన లేకుండా అభ్యంతరాలేవీ రాలేదని ఉంటే, హైకోర్టులో రిట్ వేయాల్సిందే. లాయరు మొదట అడిగేది ఆ ముద్ర పడిన జిరాక్స్ కాపీనే.