ఫ్లాస్కు వేడిని పుట్టించదు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు సైన్సు వ్యాసం ఒకటి రాయమని అడిగినప్పుడు ఉపగ్రహాల గురించి రాద్దామా, కంప్యూటర్ల గురించి రాద్దామా అని మేము కొంత చర్చించుకున్నాము. చివరికి ఫ్లాస్కు గురించి రాయాలని నిర్ణయించాము. తమ్ముళ్లూ, నవ్వకండి. మన ఇళ్లలో చాలామంది ఫ్లాస్కు కొనేది షికార్లకు వెళ్లేటప్పుడు కాఫీ తాగడానికి కాదు, ఆసుపత్రికి. నాగాయలంక, కోడూరు వైపు నుండి గానీ, ఏరు దాటి రావలసిన ఎదురుమొండి నుండి గానీ ఎవరినైనా అవనిగడ్డకో, బందరు పెద్దాసుపత్రికో తీసుకువెళితే వెంట ఒక దుప్పటి, ఒక చెంబు, ఒక ఫ్లాస్కు తప్పకుండా ఉంటాయి. హాస్టల్‌లో ఎవరికైనా జ్వరం వచ్చి మంచం పట్టినా జావ పోసి పెట్టేది దానిలోనే. అంటే ఆ పాత్రలోది తాగేది ఎక్కువగా రోగి, పసిబిడ్డ, బాలింత. కాబట్టి దాని సంగతి సరిగా తెలిసి ఉండాలి.

ముందు పాఠం చూద్దాం. వేడి మూడు విధాలుగా ప్రయాణం చేస్తుందని మనమంతా పరీక్షల కోసం బట్టీ పట్టినవాళ్లమే. కూరలో వదిలేసిన గరిటె కాడ కాలడం వహనం. ఎసట్లో నీళ్లు కింది నుండి పైకి, పై నుండి కిందికి తిరగడం సంవహనం. పొయ్యి పక్కన కూర్చుంటే ముఖానికి సెగ తగలడం వికిరణం. ఫ్లాస్కులో ఒక గోడ లోపల ఇంకొక గోడ ఉంటుంది. రెండింటి మధ్య గాలి తీసివేస్తారు. మోసుకుపోవడానికి గాలి లేదు కనుక మొదటి రెండు దారులూ చాలావరకు మూసుకుపోతాయి. గాజు ఫ్లాస్కులో గోడలకు వెండి పూత ఉంటుంది. అది అద్దంలాగా సెగను వెనక్కి తిప్పుతుంది. ఇక మిగిలింది రెండు గోడలూ కలిసే మూతి, దాని మీది మూత. వేడి ఎక్కువగా పోయేది అక్కడినుండే.

దీనిని 1892లో తయారుచేసినవారు సర్ జేమ్స్ డ్యూయర్. స్కాట్లాండు దేశస్థుడు, లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పనిచేసేవారు. ఆయనకు కావలసింది వేడి టీ కాదు. ద్రవంగా మార్చిన వాయువులు మరిగి ఆవిరైపోకుండా చల్లగా నిలవాలి, అంతే. ఆయన పేటెంటు తీసుకోలేదు. 1904లో జర్మనీలో గాజు పనివారు థర్మాస్ అనే పేరుతో దానిని ఇళ్లలో వాడే వస్తువుగా అమ్మకానికి పెట్టారు. ఆయన కోర్టుకు వెళ్లినా గెలవలేదు. డ్యూయర్ గారి పాత్రను అది పుట్టిన పనిలోనే చూడాలంటే మన పశువుల ఆసుపత్రికి వెళ్లండి. గేదెలకు, ఆవులకు ఇంజెక్షన్ చేసే వీర్యం స్ట్రాలు సున్నాకు దిగువన 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో, ఇటువంటి పాత్రలోనే ఉంటాయి. గోపాలమిత్రలు ఊళ్లలోకి తెచ్చే చిన్న క్యానూ అదే. దాని మూత మాత్రం బిర్రుగా బిగించరు. మరుగుతున్న నత్రజని బయటికి పోయే దారి లేకపోతే పాత్ర పేలిపోతుంది.

వేడి నిలిపేవన్నీ ఫ్లాస్కులు కావని కూడా గ్రహించాలి. అన్నం పెట్టే హాట్ బాక్సు, గిలకలదిండిలో చేపలకు వాడే ఐసు పెట్టె, నర్సమ్మ గారు భుజాన వేసుకొచ్చే టీకాల డబ్బా, ఇవన్నీ థర్మాకోలు, ఫోము రకాలు. వీటిలో శూన్యం లేదు. చిన్న చిన్న గదుల్లో గాలిని కదలకుండా బంధిస్తారు. ఐసు దిమ్మె మీద ఊక కప్పడం వెనుక ఉన్న సూత్రమూ అదే. ఇవి ఫ్లాస్కు అంతసేపు నిలపవు. టీకాల డబ్బాలో నాలుగు ఐసు ప్యాకులు పెట్టి లోపల 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు. ఆ ప్యాకులను ఫ్రీజరులోంచి తీసిన వెంటనే పెట్టరు. ఊపితే లోపల నీటి చప్పుడు వినిపించేదాకా ఆగి పెడతారు. గడ్డకడితే పాడయ్యే టీకాలు ఉన్నాయి కనుక ఆ జాగ్రత్త.

ఇక అసలు విషయం. ఫ్లాస్కు వేడిని పుట్టించదు, మనం పోసిన వేడిని నెమ్మదిగా పోనిస్తుంది. ఇది తెలియనిదేమీ కాదు, కానీ దీని అర్థం చాలామంది పట్టించుకోరు. తిండిని చెడగొట్టే సూక్ష్మజీవులు 5 డిగ్రీల నుండి 60 డిగ్రీల వరకు బాగా పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వేడి పదార్థాన్ని 60 డిగ్రీలకు పైన ఉంచమంటుంది, వండినది మామూలు గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దంటుంది. పాలు ఎప్పుడో కాచి, చల్లారాక, గోరువెచ్చగా ఫ్లాస్కులో పోశారనుకోండి. ఫ్లాస్కు ఆ గోరువెచ్చదనాన్నే గంటల తరబడి కాపాడుతుంది. చలికాలంలో పెరుగు తోడుకోకపోతే తోడు పాలను హాట్ బాక్సులో పెట్టే అమ్మలు మనందరికీ తెలుసు. తోడులోని సూక్ష్మజీవికి ఏ వెచ్చదనం కావాలో, విరేచనాలు తెచ్చేవాటికీ అదే కావాలి. మంచి ఫ్లాస్కు అయితే ఇంకా ఎక్కువ సేపు వాటికి ఇల్లు అవుతుంది!

అన్నం సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉండవచ్చు. ఉడికినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మధ్యాహ్నం హాట్ బాక్సులో పెట్టిన అన్నం రాత్రికి ఇంకా వెచ్చగా ఉందని మురిసిపోయి రోగికి పెట్టవద్దు.

అందువల్ల మేము పాటించే పద్ధతి చెబుతాము. ముందు ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి, మూతపెట్టి, అయిదు నిమిషాలు ఉంచి పారబోయాలి. తర్వాత పొయ్యి మీద పొంగుతున్న పాలు, మరుగుతున్న జావ అప్పటికప్పుడే పోయాలి. మూతి దగ్గర కొంచెం వదిలి నిండుగా పోయాలి. సగమే పోస్తే ఉన్న వేడి సగం, పోయే వేడి మాత్రం దాదాపు అంతే. అందుకే ఒక్క మనిషికి అర లీటరు చాలు, రెండు లీటర్లది కొని అడుగున జావ పోసుకోవడం దండగ. ఊరి నుండి వచ్చేసరికి వేడి సరిపోయిందో లేదో చూడాలంటే, వేడి తగలకుండా ఉండే స్టీలు గ్లాసు దొరకదు కదా, అదే మంచిదయింది. గ్లాసులో పోస్తే చేత్తో పట్టుకోలేనంత వేడి ఉండాలి. సుఖంగా పట్టుకోగలిగితే ఇక దాచవద్దు, వెంటనే తాగించండి, మిగిలినది పారబోయండి. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం అందులో ముంచకండి, పగిలిపోతుంది. పసిపిల్లల డబ్బాపాలు కలిపి ఫ్లాస్కులో పోయడం అసలే వద్దు. మరిగిన నీళ్లు మాత్రమే ఫ్లాస్కులో తీసుకువెళ్లి, పొడి వేరుగా ఉంచి, తాగించే ముందు కలిపి, తగినంత చల్లార్చి పట్టాలి.

కొనేటప్పుడు గాజుదా, స్టీలుదా? గాజు గుండా వేడి తక్కువ పోతుంది కనుక మంచి గాజు ఫ్లాస్కు చాలాసేపు నిలుపుతుంది. కానీ బస్సు కుదుపుకు పగిలితే గాజు పెంకులు పాలలో కలుస్తాయి. గాజుది వాడేవారు పోసే ముందు ఊపి చప్పుడు వినాలి. హాస్టల్‌కు, ప్రయాణానికి స్టీలుదే మేలని మా అభిప్రాయం. తాగేవాటికి సన్నని మూతి, అన్నానికి వెడల్పు మూతి. స్టీలు రకం తెలుసుకోవడానికి అంగట్లో అయస్కాంతం ఆనించి చూపిస్తారు, దానిని నమ్మలేము. తక్కువ రకం 202 స్టీలు కూడా అయస్కాంతానికి అంటుకోకపోవచ్చు. 304 అని ముద్ర ఉందా, ఐఎస్ఐ గుర్తు ఉందా చూడండి. ఇళ్లలో వాడే ఇటువంటి పాత్రలకు ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్ర ప్రభుత్వం 2023లో ఉత్తర్వులు ఇచ్చింది.

ఒంటి గోడ స్టీలు సీసాలు కూడా చూపుకు ఫ్లాస్కులాగే ఉంటాయి. తేడా కనిపెట్టడానికి మన సముద్రపు గాలి మనకు సాయం చేస్తుంది. బందరు ఉక్కలో ఐసు నీళ్లు పోసి పది నిమిషాలు బల్ల మీద పెట్టండి. ఒళ్లంతా చెమట పట్టిందంటే అది ఒంటి గోడది, లేదా లోపలి శూన్యం పోయినది. వేడినీళ్లు పోసి చూసినా సరే, మూతి దగ్గర వెచ్చబడితే తప్పు లేదు, పొట్ట వెచ్చబడితే తప్పు. శూన్యం పోయిన దానిని బాగుచేయడం కుదరదు, నీళ్ల సీసాగా వాడుకోవలసిందే.

శుభ్రం చేసే విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు మూత గురించి. మూతలోని రబ్బరు వాసరును ఊడదీసి కడగాలి, పాల జిడ్డు దాని వెనుకే చేరుతుంది. వాసన వస్తుంటే రెండు చెంచాల వంట సోడా వేడినీళ్లలో కలిపి పోసి, మూత బిగించకుండా రాత్రంతా ఉంచండి. దివిసీమలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్లతో అడుగున తెల్లని పెచ్చు కడుతుంది. నిమ్మరసం కలిపిన వేడినీళ్లు కాసేపు ఉంచితే అది విడిపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగ గానీ, చారు గానీ రోజంతా నిలవ ఉంచితే స్టీలుకు కూడా సన్నని గుంటలు పడతాయి. నీళ్ల ట్యాంకులో వేసే బ్లీచింగు పౌడరు ఫ్లాస్కులో వేయకండి, కారణం అదే. స్టీలు పీచు వద్దు, సీసాలు కడిగే బ్రష్షు చాలు. కడిగాక బోర్లించి ఆరబెట్టి, మూత తీసే ఉంచాలి.

చివరగా ఒక మాట. గుడివాడలోనైనా, బందరులోనైనా స్టీలు సామాను కొనగానే పేరు కొట్టించడం మనకు అలవాటు. బిందెకు, క్యారియరుకు కొట్టించుకోండి. ఫ్లాస్కుకు మాత్రం వద్దు. బయటి గోడ పలచని రేకు, సూదిమొన అంత చిల్లు పడినా గాలి లోపలికి వెళుతుంది. హాస్టల్‌లో మారిపోతుందని భయమైతే అడుగున పెయింటుతో పేరు, గది నెంబరు రాసుకోండి.